1/24 కారు బాడీకి స్ప్రే కొట్టేటప్పుడు పట్టి ఉంచే స్టాండు: ఇంట్లో చేసుకునే పద్ధతి

ప్రశ్న: 1/24 (అసలు కారులో 24వ వంతు సైజు) ప్లాస్టిక్ కిట్ కారు బాడీని కూల్‌డ్రింక్ సీసా మూత మీద టేపుతో అంటించి స్ప్రే చేస్తున్నాను. రెండో కోటుకే బాడీ ఒక పక్కకు ఒరిగిపోతోంది. తలుపుల కింది అంచుల్లో, బంపర్ల అడుగున రంగు పడటం లేదు. ఇంట్లో తయారుచేసుకోగల గట్టి స్టాండు చెప్పండి. హాట్ వీల్స్ సైజు కార్లకు కూడా అదే పనికొస్తుందా?

సమాధానం:

మీరు చెప్పిన రెండు ఇబ్బందులకూ మూలం ఒకటే, పట్టు చాలకపోవడం. స్ప్రే డబ్బాలో రంగును పైకి లాగే గొట్టం అడుగు దాకా ఉంటుంది. డబ్బాను నిటారుగా పట్టుకుంటేనే అది రంగులో మునిగి ఉంటుంది. బంపరు అడుగుకు కొడదామని డబ్బాను బాగా వంచితే గొట్టంలోకి రంగు బదులు గ్యాసు వస్తుంది. తుంపర చెదిరి, చుక్కలు చుక్కలుగా ఉమ్మినట్టు పడుతుంది. కాబట్టి తిప్పాల్సింది డబ్బాను కాదు, కారునే. కారును పక్కకు, తలకిందులుగా, ముక్కు పైకెత్తి ఎలా తిప్పినా బాడీ కదలకుండా పట్టి ఉంచేదే మంచి స్టాండు. బల్ల మీద నిలబెట్టడానికి మాత్రమే పనికొచ్చేది సగం స్టాండే.

సీసా మూత పద్ధతి ఎందుకు విఫలమవుతుందో చూద్దాం. మూత వ్యాసం మూడు సెంటీమీటర్ల లోపే ఉంటుంది. 1/24 బాడీ పొడవు 18-19 సెం.మీ. అంటే పట్టు ఉన్న చోటు నుంచి బానెట్టు కొన దాదాపు 9 సెం.మీ. దూరం. అంత దూరాన స్ప్రే గాలి తోసినా, వేలు తగిలినా, టేపు ఒక అంచు నుంచి ఒలిచినట్టు లేస్తుంది. టేపు నిలువుగా లాగితే బాగానే ఆగుతుంది గానీ, అంచు నుంచి ఒలిస్తే ఆగదు. పైగా రంగులోని ద్రావకం ఆవిరి జిగురును మెత్తబరుస్తుంది. అందుకే మొదటి కోటుకు నిలిచింది రెండో కోటుకు జారుతోంది. మూత కూడా సీసా మీద కొద్దిగా తిరుగుతుంది, అది ఇంకో లోపం.

దీన్ని సరిచేయాలంటే బరువు పైకప్పు లోపలి వైపున ఆనాలి, నిలకడ నాలుగు మూలల నుంచి రావాలి. మూలల దగ్గర ఒత్తిడి మాత్రం చాలా తక్కువగా ఉండాలి. ఈ మాట నొక్కి చెప్పాల్సిందే. చాలామంది హ్యాంగరు తీగను వంచి బాడీ లోపల స్ప్రింగులా బిగిస్తారు, ఎంత గట్టిగా తంతే అంత మంచిదనుకుంటారు. కిట్ బాడీలు పాలీస్టైరీన్‌తో చేస్తారు. ఈ ప్లాస్టిక్కు వంగి ఒత్తిడిలో ఉన్నప్పుడు లాకర్ రంగు (ఘాటు ద్రావకంతో త్వరగా ఆరే రకం) ద్రావకం తగిలితే సన్నటి పగుళ్లు వస్తాయి. ముందు అద్దం పక్కనుండే సన్న స్తంభాల మొదట్లో, చక్రాల వంపుల పైన ఇవి ముందుగా కనిపిస్తాయి. పగుళ్లు రాకపోయినా, రాత్రంతా అలాగే ఉంచితే తలుపుల దగ్గర బాడీ బయటికి ఉబ్బి అలాగే ఉండిపోతుంది. చివర్లో ఛాసిస్ ఎక్కించేటప్పుడు సందు కనిపిస్తుంది. మే నెల ఎండలో ఆరబెడితే ఇంకా త్వరగా ఉబ్బుతుంది.

కావలసినవి ఇవి. 20×20 సెం.మీ. ప్లైవుడ్డు ముక్క, 12 మి.మీ. మందం. ఒక అంగుళం చదరపు రీపరు కర్ర, 23 సెం.మీ. పొడవు. సైకిల్ షాపులో దొరికే స్పోకులు రెండు, మామూలు 2 మి.మీ. మందానివి. అదే షాపులో వాల్వ్ ట్యూబు ఒక అడుగు. 4×4 సెం.మీ. పలుచని చెక్క ముక్క. డబుల్ సైడ్ ఫోమ్ టేపు, ఫెవికాల్, కొంచెం ఎం-సీల్, ఒకటిన్నర అంగుళాల స్క్రూలు. చిన్న డ్రిల్లు, 2 మి.మీ. బిట్టు ఉండాలి. తీగ విషయంలో స్పోకే ఎందుకంటే, హార్డ్‌వేర్ షాపులో దొరికే జీఐ తీగ మెత్తటిది. వంచితే వంగిన చోటే ఉంటుంది, తిరిగి రాదు. స్పోకులో స్ప్రింగు గుణం ఉంది. రెండు మిల్లీమీటర్లు నొక్కితే మళ్లీ అంతే వెనక్కి వస్తుంది. మనకు కావలసింది అదే. బట్టల హ్యాంగరు తీగ ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంటుంది, వేరే దారి లేకపోతే వాడొచ్చు.

ముందు అడుగు చెక్క సంగతి. దాని నడిమధ్య రీపరు కర్ర దిగేలా చుట్టూ నాలుగు చెక్క ముక్కలతో 4 సెం.మీ. ఎత్తు గూడు కట్టండి. ఫెవికాల్ రాసి, కింది నుంచి స్క్రూలు బిగించండి. ప్లైవుడ్డులో ముందుగా 3 మి.మీ. రంధ్రం వేసుకుంటే చెక్క చీలదు. కర్రను గూడులో అంటించొద్దు. సులువుగా ఎత్తి తీసేలా, ఊగకుండా ఉండేలా ఇసుక కాగితంతో సరిచేసుకోండి. కర్రను ఎడమ చేత్తో తీసి, కారును ఎటు కావాలంటే అటు తిప్పుకుంటూ కుడి చేత్తో స్ప్రే కొట్టి, మళ్లీ గూడులో దించేయాలి. కర్ర చదరంగా ఉంది కనుక తిరగదు. గుండ్రటి కర్ర వాడితే ఈ సౌకర్యం పోతుంది.

ఇక పై భాగం. 1/24 సెడాన్ లేదా కూపే బాడీలో తలుపు కింది అంచు నుంచి పైకప్పు లోపలి దాకా ఎత్తు సుమారు 4.5-5 సెం.మీ. ఉంటుంది. మీ బాడీని స్కేలుతో కొలుచుకోండి, ఎందుకంటే లంబోర్గినీ లాంటి చదును కార్లకు తక్కువ, ఎస్‌యూవీలకు ఎక్కువ. కర్ర తలమీద 4×4 సెం.మీ. చెక్క ముక్కను అంటించి స్క్రూ వేయండి. దాని అంచులు గుండ్రంగా రుద్దండి. పైకప్పు మధ్యలో వంపు ఉంటే ముక్క మీద ఎం-సీల్ పలుచగా పరిచి, బాడీ లోపలి వైపు పలుచని పాలిథీన్ కవరు పెట్టి, ఎం-సీల్ మీద మెల్లగా ఒత్తి తీయండి. గంటలో గట్టిపడి ఆ కప్పు వంపు అచ్చులా నిలుస్తుంది. ప్రతి కారుకీ ఇది అవసరం లేదు. కప్పు బాగా వంపు తిరిగిన పాత మోడళ్లకు చాలా పనికొస్తుంది.

చెక్క ముక్కకు 2.5 సెం.మీ. కింద కర్రలో అడ్డంగా రెండు రంధ్రాలు వేయాలి. రెండూ ఒకే ఎత్తులో ఉంటే లోపల ఢీకొంటాయి, కాబట్టి ఒకదాని కింద ఒకటి 6 మి.మీ. తేడాతో వేయండి. పైనుంచి చూస్తే రెండు తీగలూ గుణకారం గుర్తులా కనిపించాలి. కారు పొడవు గీత నుంచి ఒకటి కుడికి, ఇంకొకటి ఎడమకు, కొసలు ఆనే చోట్లకు గురి కుదిరేంత కోణంలో సమానంగా ఉండాలి. ఒక్కో స్పోకును 18 సెం.మీ.కు కోసి, రంధ్రంలోంచి దూర్చి, రెండు పక్కలా సమానంగా వచ్చేలా ఉంచండి. ప్రతి చేతిని (కర్ర నుంచి బయటికొచ్చిన తీగను) మధ్యలో కిందికి ఒకటిన్నర సెంటీమీటరు లోతున వీ ఆకారంలో వంచండి. స్ప్రింగు ఈ వంపులోనే ఉంది. చేతులు తిన్నగా ఉంటే ఏమాత్రం లొంగవు, బాడీని నెడతాయి. మీ బాడీకి ఎక్కువైనంత కోసేసి, కొసను పది మిల్లీమీటర్ల మేర చిన్న ఉంగరంలా చుట్టండి. దాని మీదికి వాల్వ్ ట్యూబు తొడగడం కష్టమైతే ఉంగరం బదులు కొసను వెనక్కి మడిచి, మడతకు ట్యూబు ఎక్కించండి. కోసిన పదును మొన బాడీకి తగలకూడదు, అంతే ముఖ్యం.

కొసలు ఎక్కడ ఆనాలో ఇక్కడే చెబుతాను. తలుపు మధ్యలో ఆనితే ఉబ్బుతుంది. చక్రాల వంపు అంచుకు తగిలితే అక్కడ రంగు పడదు, ఎండాక తీగతో పాటు రంగు పెచ్చు కూడా ఊడుతుంది. ముందు వైపు కొసలు మడ్‌గార్డు లోపలి గోడకు, చక్రం వంపుకు ఒక సెంటీమీటరు వెనకాల ఆనాలి. వెనక వైపు కొసలు వెనక చక్రం వంపుకు ముందు, అంతే దూరంలో ఆనాలి. అక్కడ బాడీ మలుపు వల్ల గట్టిగా ఉంటుంది. మామూలు కారులో ఈ నాలుగు చోట్ల మధ్య పొడవు దాదాపు 6 సెం.మీ., లోపలి వెడల్పు 7 సెం.మీ.కు కాస్త తక్కువ వస్తుంది. తీగలు ఒత్తాల్సింది ఒక్కో పక్క ఒక మిల్లీమీటరు, మహా అయితే రెండు. బాడీ పెట్టాక తలుపుల దగ్గర వెడల్పును వెర్నియర్ కాలిపర్‌తో (మిల్లీమీటరులో వంతులు కూడా చూపే కొలత పనిముట్టు) కొలవండి. ఖాళీ బాడీ కొలత కంటే అర మిల్లీమీటరు పెరిగినా తీగను లోపలికి వంచండి. కొలతలన్నీ కుదిరాక రంధ్రాల దగ్గర ఒక చుక్క ఫెవిక్విక్ వేసి, పైన ఎం-సీల్ మెత్తండి.

చెక్క ముక్క మీద ఫోమ్ టేపు రెండు పట్టీలు అంటించి బాడీని ఒత్తండి. ఇప్పుడు పరీక్ష. పరుపు మీదో దిండు మీదో కర్రను తలకిందులు చేసి గట్టిగా మూడుసార్లు కుదపండి. బాడీ కొంచెం కదిలినా అది రంగు వేసే స్టాండు కాదు. ప్రైమరు (రంగుకు ముందు వేసే తొలి పూత) కొట్టకముందే ఈ పని చేయాలి, తడి రంగు మీద కాదు.

కన్వర్టిబుల్ కార్లకు పైకప్పు ఉండదు. వాటికి ముందు అద్దం కింద ఉండే పలక లోపలి వైపు, డిక్కీ పలక లోపలి వైపు రెండు చోట్ల ఫోమ్ టేపు ఆనేలా, కర్ర మీద 10-12 సెం.మీ. అడ్డపట్టీ పెట్టుకోండి. తీగలు అవే.

అడుగు చెక్క ఎంత పెద్దగా ఉండాలి, బాడీకి ఎంత దూరంలో ఉండాలి అన్నది చాలామంది పట్టించుకోరు. స్ప్రే గాలి కింది పలకకు తగిలి పైకి తిరిగి లేస్తుంది. అప్పటికే సగం ఆరిన రంగు పొడి దాంతో పాటు లేచి తలుపుల కింది అంచుకు, బంపరు అడుగుకు గరుకుగా అంటుకుంటుంది. పైభాగమంతా అద్దంలా వచ్చి కింది రెండు సెంటీమీటర్లే ఇసుక రాసినట్టు ఉంటే కారణం దాదాపు ఇదే. అడుగు చెక్కకూ బాడీ కింది అంచుకూ మధ్య కనీసం 15 సెం.మీ. ఉండాలి. పైన చెప్పిన 23 సెం.మీ. కర్రతో, తలమీది చెక్క ముక్క మందాన్ని బట్టి 18 సెం.మీ. దాకా వస్తుంది. అడుగు చెక్క మీద తడిపి పిండిన పాత గుడ్డ పరిస్తే వాలే పొడి అక్కడే అంటుకుంటుంది. చెక్క తేలికై స్టాండు ఒరిగితే కింద ఒక విరిగిన టైల్ ముక్క అంటించండి, పలక పెద్దది చేయొద్దు.

కర్ర, తీగల మీద పాత రంగు పేరుకుంటుంది. తీగ స్ప్రింగులా ఆడినప్పుడల్లా ఆ పొర చిట్లి పెచ్చులు రాలుతుంది. అది తడి క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత) మీద పడితే తిరిగి రుద్దాల్సిందే. ప్రతి కారుకూ ముందు తీగలకు కొత్త మాస్కింగ్ టేపు చుట్టి, పాతది పారేయండి. చుట్టిన టేపు కొసలు వేలాడకూడదు. స్ప్రే గాలికి టపటపలాడే కొస పొడి రంగును విదిలిస్తుంది. బాడీ కిటికీలను కూడా లోపలి నుంచి టేపుతో మూయండి. టేపు చట్రానికి వెనక వైపు పడాలి, చట్రం అంచులకు రంగు అందాలి. మూయకపోతే ఒక కిటికీలోంచి దూరిన పొడి, కప్పు కింది ముక్కకు తగిలి ఎదుటి స్తంభాల మీద చేరుతుంది.

బానెట్టు, బంపర్లు విడిగా వచ్చే కిట్లలో స్టాండు విలువ ఇంకా తెలుస్తుంది. మెటాలిక్ రంగుల్లో ఉండే రేకు ముక్కలు పలక ఎటు వాలి ఉంటే అటు, తడి ఎంత ఉంటే అంత తేడాగా సర్దుకుంటాయి. బాడీని పడుకోబెట్టి, బానెట్టును నిలబెట్టి కొడితే ఒకే డబ్బా రంగైనా రెండూ వేరు రంగుల్లా కనబడతాయి. అందుకని అవి కారులో ఉండే వాలులోనే, అదే సమయంలో కొట్టాలి. దీనికి జీఐ తీగ బాగా పనికొస్తుంది. పన్నెండు గేజి తీగ, అంటే దాదాపు 2.6 మి.మీ. మందానిది, ఒక అడుగు తీసుకుని కర్రకు బిగించి, ముందుకు సాచి, బంపరు లోపలి వైపున టేపుతో పట్టండి. బంపరు దాని అసలు స్థానానికి 2-3 సెం.మీ. ముందు, అదే ఎత్తులో ఉండాలి. బానెట్టును దాని స్థానంలోనే, చుట్టూ 2 మి.మీ. సందు ఉండేలా కింది నుంచి పట్టొచ్చు. మరీ ఆనించి పెడితే రంగు రెంటినీ కలిపి అతికిస్తుంది. ఎరుపు, తెలుపు లాంటి మామూలు రంగులకు ఇంత శ్రద్ధ అక్కర్లేదు. వెండి, మైకా రంగులకు మాత్రం మానొద్దు.

స్ప్రే కొట్టే వరుస స్టాండును బట్టే ఉంటుంది. కర్రను చేతిలోకి తీసుకుని కారును తలకిందులు చేయండి. ముందు తలుపుల కింది అంచులు, చక్రాల వంపులు, బంపర్ల అడుగులు. తర్వాత పక్కకు వాల్చి కిటికీ చట్రాలు, పక్కలు. చివర్న గూడులో దించి బానెట్టు, కప్పు, డిక్కీ. పైనున్న చదును భాగాలు ఆఖర్న పడితేనే వాటి మీద వాలిన పొడిని తడి కోటు కరిగించి కలుపుకుంటుంది. ప్రతి దెబ్బా బాడీకి అవతల మొదలై ఇంకో కొసకు అవతల ఆగాలి. దూరం 20 సెం.మీ. చుట్టుపక్కల. మొదటి రెండు కోట్లు పలుచగా, మంచు పట్టినట్టు ఉండాలి, ఒక్కోదానికి 10-15 నిమిషాలు ఎడం. తడి కోటు ఆ తర్వాతే. తమియా టీఎస్ (కిట్ల కోసం అమ్మే లాకర్ స్ప్రే) డబ్బాల్లో డబ్బా ముక్కుకు దగ్గర్లో రంగు మందంగా వస్తుంది, పక్కలు నిలువుగా ఉంటాయి కనుక కారేది అక్కడే. తడి కోటును పక్కలకు వేసేటప్పుడు బాడీని ఆ పక్క పైకి వచ్చేలా వాల్చి, అరనిమిషం అలాగే ఉంచితే కారడం దాదాపు ఆగిపోతుంది. ఈ సౌకర్యం కదలని స్టాండులో ఉండదు.

కొందరు కేకు చేసేవాళ్లు వాడే టర్న్‌టేబుల్ మీద స్టాండు పెడతారు. మంచి ఆలోచనే, కానీ బేరింగు ఉన్నవి మరీ సులువుగా తిరుగుతాయి. బానెట్టు కొసకు కొట్టిన గాలికే కారు తనంతట తిరిగిపోతుంది. పలకల మధ్య ఒక ఫెల్ట్ ముక్క ఇరికించి బిగువు పెంచండి. కారు తిరుగుతుండగా స్ప్రే కొట్టొద్దు. తిప్పి, ఆపి, కొట్టాలి.

మన వాతావరణం గురించి ఒక మాట. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో, ఎక్కడైనా వానాకాలంలో, గాలిలో తేమ ఎక్కువ ఉన్నప్పుడు లాకర్ తెల్లబారుతుంది. ద్రావకం వేగంగా ఆవిరైనప్పుడు తడి పొర చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. తేమ 75 శాతం దాటితే ఆగడమే మేలు. తెల్లబారినా కంగారు పడొద్దు. పొడి రోజున పలుచని క్లియర్ కోటు వేస్తే చాలాసార్లు తేటపడుతుంది. తెలంగాణ, రాయలసీమ మే ఎండల్లో దీనికి ఉల్టా జరుగుతుంది. తుంపర గాల్లోనే ఆరిపోయి బాడీ మీద పొడిలా పడుతుంది. తెల్లవారుజామున చేయండి, దూరం 15 సెం.మీ.కు తగ్గించండి. ఫ్యాను ఆపాలి. గది నేల మీద నీళ్లు చల్లి అరగంట ఆగండి. ప్లాస్టిక్కును పొడి గుడ్డతో రుద్దితే విద్యుదావేశం వచ్చి దుమ్మును లాగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడిచి వదిలేయండి. దుమ్ము మాస్కు, గుడ్డ మాస్కు ద్రావకం ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జి ఉన్న మాస్కే పెట్టుకోవాలి. దగ్గర్లో గ్యాసు పొయ్యి, అగరబత్తి, దీపం ఏదీ వెలిగి ఉండకూడదు.

ఆరబెట్టే డబ్బా ఏదో ముందే నిర్ణయించుకుని స్టాండు ఎత్తు దానికి తగ్గట్టు చేయండి. అడుగు చెక్కతో కలిపి మొత్తం ఎత్తు 26 సెం.మీ. లోపు ఉంటుంది. బోర్లించిన 20 లీటర్ల బకెట్టులో ఇది పట్టొచ్చు. బకెట్టు అడుగు వైపు ఇరుకవుతుంది కనుక కారు పొడవు అక్కడ తగలకుండా ఖాళీ స్టాండుతో సరిచూసుకోండి. చదరపు ప్లాస్టిక్ పెట్టె ఇంకా మంచిది. అట్టపెట్టె వద్దు, దాని నూగు రాలుతుంది. బకెట్టును నేలకు ఆనించకుండా నాలుగు సీసా మూతల మీద బోర్లించండి, లేకపోతే ద్రావకం ఆవిరి లోపలే చిక్కుకుని రంగు మెత్తగా ఉండిపోతుంది.

స్టాండు నుంచి బాడీని ఎప్పుడు తీయాలి? ప్రైమరు, రంగు, క్లియర్ మూడూ అయ్యేదాకా తీయకపోవడమే నయం, మధ్యలో తీస్తే ప్రతిసారీ వేలిముద్రల ప్రమాదం. రుద్దడం కూడా స్టాండు మీదే చేయొచ్చు. 2000 గ్రిట్ నీళ్ల పేపరుతో రుద్దేటప్పుడు మాత్రం తీగలు ఒత్తే చోట బాడీని వేలితో కాసుకోండి. క్లియర్ అయ్యాక కనీసం రెండు రోజులు ఆగి, ముందు తీగలను లోపలికి నొక్కి విడిపించండి. తర్వాత ఫోమ్ టేపు. దాన్ని లాగొద్దు, కప్పు వంగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నైలాన్ దారాన్ని కప్పుకూ చెక్క ముక్కకూ మధ్య పెట్టి, రంపంలా ఆడించి కోయండి. ఆల్కహాల్ బయటి వైపు రంగు మీదికి కారకుండా బాడీని తలకిందులుగా, కప్పు కిందికి ఉండేలా పట్టుకోండి.

చిన్న భాగాలకు ఇంత హంగామా అక్కర్లేదు. సైడ్ అద్దాలు, వైపర్లు, గ్రిల్లులకు ఎలక్ట్రికల్ షాపులో దొరికే చిన్న క్రొకడైల్ క్లిప్పులను వెదురు పుల్లలకు తొడిగి, నొక్కి బిగించండి. భాగాన్ని కారుకు అంటించే మొనను క్లిప్పుతో పట్టాలి, ఎందుకంటే అక్కడ రంగు లేకపోయినా పర్వాలేదు, లేకపోతేనే మేలు, జిగురు పడుతుంది. చక్రాలకు కొబ్బరి ఈనెపుల్లలకు మించినవి లేవు. ఒక కొస సన్నగా, ఇంకో కొస లావుగా ఉంటాయి కనుక ఏ సైజు ఇరుసు రంధ్రానికైనా ఎక్కడో ఒక చోట బిగుసుకుంటాయి. ఈ పుల్లలన్నీ గుచ్చడానికి థర్మాకోల్ వాడొద్దు. లాకర్ స్ప్రే తగిలితే థర్మాకోల్ కరిగి గుంటలు పడి, పుల్లలు వాలిపోతాయి. కొరియర్ అట్టపెట్టెను 5 సెం.మీ. పట్టీలుగా కోసి, గొట్టాల్లాంటి సందులు పైకి వచ్చేలా పక్కపక్కన పేర్చి టేపు చుడితే మంచి దిమ్మ అవుతుంది. పుల్లల మధ్య కనీసం 5 సెం.మీ. ఎడం ఉంచండి.

ఇక హాట్ వీల్స్ సంగతి. ఈ స్టాండు పనికిరాదు, అంత చిన్న బాడీలో తీగలు పట్టవు. వాటి బాడీ జింకు మిశ్రమం, జమాక్. అయస్కాంతానికి అంటుకోదు కనుక అయస్కాంతం స్టాండు గురించి ఆలోచించొద్దు. వాటికి ఇంకా సులువైన దారి ఉంది. అడుగు పలకను బాడీకి పట్టి ఉంచే రివెట్ల తలలను 3 మి.మీ. బిట్టుతో తొలిచి విడదీయండి. తల పోయి మిగిలిన ఒక్కో రివెట్టు స్తంభం నడిమధ్య 1.6 మి.మీ. రంధ్రం 6-7 మి.మీ. లోతు వేసి, ఎం2 ట్యాపుతో (2 మి.మీ. స్క్రూకు సరిపడే మర కోసే పనిముట్టు) మర తీయండి. ట్యాపును అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ, ఒక చుక్క నూనె వేస్తూ పోవాలి. తొందరపడితే లోపలే విరుగుతుంది, తీయడం దాదాపు అసాధ్యం. నూనెను థిన్నరుతో పూర్తిగా కడిగేయండి.

ఐస్‌క్రీం పుల్లను స్తంభాల మధ్య దూరాన్ని బట్టి 5-6 సెం.మీ.కు కోసి, రెండు 2.2 మి.మీ. రంధ్రాలు వేసి, ఎం2×8 స్క్రూలతో బాడీకి బిగించండి. పుల్ల నడిమధ్య కొత్త పెన్సిలును నిలువుగా ఎం-సీల్‌తో అంటించండి. అది స్క్రూల మీదికి రాకుండా చూసుకోండి. చెక్క దిమ్మలో 7.5 మి.మీ. రంధ్రాలు 12 సెం.మీ. ఎడంతో వేసుకుంటే వరుసగా నాలుగైదు కార్లు నిలబడతాయి. ఈ పట్టు తలకిందులు చేసినా చెక్కుచెదరదు. అంతకన్నా పెద్ద లాభం ఏమిటంటే, స్క్రూ లోపల ఉన్నంతసేపూ మరలోకి రంగు దూరదు. చివర్లో అడుగు పలకను బిగించడానికి అవే స్క్రూలు, అదే మర శుభ్రంగా సిద్ధంగా ఉంటాయి. లోహం మీద మామూలు ప్లాస్టిక్ ప్రైమరు సరిగా పట్టదు, లోహానికి పనికొచ్చే ప్రైమరు తీసుకోండి. పాత రంగు ఊడదీశాక బాడీని వేళ్లతో ముట్టకుండా పెన్సిలు పట్టుకునే కడిగి, ఆరబెట్టి, ప్రైమరు కొట్టేయండి.